పాముకు పాలు పోసినట్టేనా?

కిందటి చలికాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ నన్ను పిలిచి ఒక గిన్నె చేతిలో పెట్టింది. మూత తీస్తే పాలన్నం. పాలల్లో మెత్తగా ఉడికిన బియ్యం, కాస్త పంచదార, పైన చల్లిన దాల్చినచెక్క పొడి. మన పరమాన్నానికి దూరపు చుట్టం అనుకోండి. నెయ్యి లేదు, ఏలకులు లేవు, అయినా ఆ ఆవిరి ముఖానికి తగలగానే ఇంటి మీద బెంగ పుట్టింది. నేను జర్మనీ వచ్చి నాలుగేళ్ళయింది. రూర్ ప్రాంతంలో, ఒకప్పుడు బొగ్గు గనులకు పేరుమోసిన ఊళ్ళో ఉంటాను. ఆవిడకి 87 ఏళ్ళు. మెట్లు దిగడం కష్టం కాబట్టి సరుకులు నేను తెచ్చిపెడతాను, దానికి బదులుగా ఆవిడ నాకు ఏదో ఒకటి వండి పెడుతుంది.

"దీన్ని మా అమ్మ క్వేకర్ల తిండి అనేది" అంది.

నాకు అర్థం కాలేదు. క్వేకర్లంటే ఇంగ్లండులో పుట్టిన ఒక చిన్న క్రైస్తవ శాఖ అనీ, మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక జర్మన్ పిల్లలకి తిండి పెట్టింది వాళ్ళేననీ కూర్చోబెట్టి చెప్పింది. 1921లో వాళ్ళ అమ్మకి పదేళ్ళు, మేనమామకి ఎనిమిది. బడిలో డాక్టరు వచ్చి పిల్లలందర్నీ బరువు తూచి, బాగా చిక్కిపోయిన వాళ్ళ పేర్లు రాసుకున్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరి పేర్లూ ఆ లిస్టులోకి ఎక్కాయి. ఆ మర్నాటి నుంచి ఎవరి గిన్నె, ఎవరి స్పూను వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఒకరోజు కోకో, ఒకరోజు చిక్కుడుగింజల సూపు, ఒకరోజు పాలన్నం. దాంతోపాటు ఒక తెల్ల రొట్టె. యుద్ధకాలమంతా తవుడూ బంగాళాదుంప పిండీ కలిపిన నల్ల రొట్టె తిని పెరిగిన పిల్లలకి ఆ తెల్ల రొట్టె ఒక వింత. అక్కడే కూర్చుని తినెయ్యాలి, ఇంటికి తీసుకుపోకూడదు. అది నియమం. ఇంటికి వెళ్తే ఆ రొట్టె అయిదు ముక్కలవుతుందనీ, పిల్లాడి నోట్లోకి వెళ్ళేది అందులో ఒక్క ముక్కేననీ పెట్టేవాళ్ళకి తెలుసు. మేనమామ మాత్రం రొట్టెని చొక్కా లోపల దాచేవాడట, అమ్మకోసం. వడ్డించే టీచరు ఒకరోజు అది చూసింది. చూసి, ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగి నిలబడింది. వాళ్ళ అమ్మ చనిపోయేదాకా ఈ సంగతి చెబుతూనే ఉందట.

ఆ మేనమామ 1942-43 చలికాలంలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర చనిపోయాడు. హిట్లర్ సైన్యం యూనిఫామ్‌లో. ఇరవై తొమ్మిదేళ్ళు.

"ఆ అన్నం తిన్నవాడే అక్కడికి వెళ్ళాడు" అంది పెద్దావిడ. "పెట్టకుండా ఉండాల్సిందంటావా?"

నా దగ్గర జవాబు లేదు. విచిత్రం ఏమిటంటే అదే వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. ఎవరో ఒక ఫోటో పెట్టారు. ఇప్పటి యుద్ధాల్లోదే, ఖాళీ పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడ్డ ఒక పిల్లాడు. దాని కింద మా బాబాయి ఒకాయన రాశాడు: "పాముకు పాలు పోసి పెంచితే కాటెయ్యక మానుతుందా?" పన్నెండు మంది దానికి బొటనవేలు ఎత్తారు. ఆయన చెడ్డమనిషి కాదు. మా ఊళ్ళో ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్ళేది ఆయనే. అందుకే ఆ మాట నన్ను అంత బాధపెట్టింది. జవాబు టైప్ చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైప్ చేశాను. చివరికి ఏమీ రాయలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు క్వేకర్ల గురించి దొరికిందల్లా చదివాను. బాబాయ్, అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబు ఇది.

ముందు ఆ పిల్లలు ఎందుకు చిక్కిపోయారో చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన దగ్గర్నుంచీ బ్రిటన్ నౌకాదళం జర్మనీకి వెళ్ళే ఓడల్ని ఆపేసింది. తిండిగింజలు, కొవ్వులు, ఎరువులు ఏవీ రానివ్వలేదు. 1916-17 చలికాలంలో బంగాళాదుంప పంట కూడా పోయి, పశువులకు వేసే టర్నిప్ దుంపలు తిని జనం బతికారు. జర్మన్లు ఇప్పటికీ దాన్ని టర్నిప్ చలికాలం అనే అంటారు. 1918 నవంబర్ 11న యుద్ధం ఆగింది. దిగ్బంధం ఆగలేదు. సంధి పత్రాల మీద జర్మనీ సంతకం పెట్టి ఆమోదించేదాకా, అంటే 1919 జులై దాకా దాన్ని పూర్తిగా ఎత్తెయ్యలేదు. తుపాకులు మూతపడ్డాక కూడా ఎనిమిది నెలలు ఆకలి ఒక ఆయుధంగా పనిచేసింది. ఆ ఎనిమిది నెలల్లో పుట్టిన పసిగుడ్డు ఏ దేశం మీద యుద్ధం ప్రకటించాడు?

క్వేకర్లు ఆ దిగ్బంధం నడిపిన దేశంవాళ్ళే. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దంలో జార్జ్ ఫాక్స్ మొదలుపెట్టిన చిన్న క్రైస్తవ శాఖ అది. వాళ్ళ ప్రార్థనలో పూజారి ఉండడు, పాట ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు. ఏ కారణానికీ, ఏ రాజుకోసమూ ఆయుధం పట్టమని 1660లోనే రెండో చార్లెస్ రాజుకి రాసిచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి బ్రిటన్ మొత్తం మీద ఇరవై వేల మంది. మన దగ్గర ఒక మోస్తరు మేజరు పంచాయతీ జనాభా. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత సంగతులు ఇంకా బరువుగా తోస్తాయి.

వాళ్ళు ముందు వెళ్ళింది శత్రువు దగ్గరికి కాదు, ఫ్రాన్సుకి. 1870-71లో ఫ్రాన్సు, ప్రష్యా కొట్టుకున్నప్పుడే పాడైన పల్లెలకు విత్తనాలూ బట్టలూ మోసుకెళ్ళిన అనుభవం ఉంది. ఎరుపు నలుపు రంగుల ఎనిమిది కోణాల నక్షత్రం గుర్తు అప్పటిదే. 1914లో జర్మన్ సైన్యం మార్న్ నది ఒడ్డున పల్లెల్ని తగలబెట్టి వెనక్కి తగ్గాక, ఆ బూడిదలో చెక్క ఇళ్ళు కట్టారు, నాగళ్ళు బాగుచేశారు, కోళ్ళూ కుందేళ్ళూ పంచారు. షాలోన్ అనే ఊళ్ళో 1914 డిసెంబర్‌లో ఒక పురిటి ఆసుపత్రి తెరిచారు. ఎడిత్ పై అనే మంత్రసాని దాన్ని నడిపింది. యుద్ధరంగం నుంచి పారిపోయి వచ్చిన నిండు గర్భిణులు ఎక్కడ కంటారు? అక్కడ. ఫిరంగుల మోత వినిపించేంత దూరంలో, బాంబులు పడే రాత్రుల్లో తల్లుల్నీ బిడ్డల్నీ నేలమాళిగల్లోకి మోసుకుపోతూ, నాలుగేళ్ళలో దాదాపు వెయ్యి కాన్పులు చేశారు. ఎడిత్ పై పేరు మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. మిత్రదేశం పిల్లలకు పాలు పోస్తే అందరూ చప్పట్లు కొడతారు. కానీ అదే 1914లో, అదే క్వేకర్లు, లండన్‌లో ఇంకో కమిటీ పెట్టారు. బ్రిటన్‌లో చిక్కుకుపోయిన జర్మన్లు, ఆస్ట్రియన్లు, హంగేరియన్ల కోసం. మంగలి పని, బేకరీ పని చేసుకుంటూ ఏళ్ళ తరబడి అక్కడే బతుకుతున్న మగవాళ్ళని తీసుకెళ్ళి ముళ్ళకంచెల వెనక పడేస్తే, వాళ్ళ భార్యాబిడ్డలు వీధినపడ్డారు. ఆ భార్యల్లో చాలామంది ఇంగ్లీషు ఆడవాళ్ళే. వాళ్ళకి కిరాయి కట్టి, బొగ్గు కొనిచ్చి, శిబిరాల్లోని మగవాళ్ళకి పనిముట్లు పంపించారు. దీనికి వాళ్ళు తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. దేశద్రోహులన్నారు. మంచితనానికి అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. మనవాళ్ళ బిడ్డకి పెట్టడం ప్రేమ. అందులో గొప్ప ఉంది కానీ కష్టం లేదు.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఏప్రిల్ 30న ఫిలడెల్ఫియాలో అక్కడి క్వేకర్లు అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ పెట్టారు. తుపాకీ పట్టమన్న కుర్రాళ్ళకి వేరే పని చూపించడానికి. వాళ్ళు ఫ్రాన్సు వచ్చి బ్రిటిష్ వాళ్ళతో కలిశారు. యుద్ధం ఆగాక వెర్డన్ చుట్టుపక్కల ఇళ్ళు కట్టే పనిలో జర్మన్ యుద్ధఖైదీలు వాళ్ళ దగ్గర పనిచేశారు. ఖైదీకి కూలి ఇవ్వకూడదు, సైన్యం ఒప్పుకోదు. వీళ్ళు ప్రతి ఖైదీ పనిరోజులూ లెక్క రాసి పెట్టుకున్నారు, ఫోటోలు తీశారు. తర్వాత మనుషుల్ని జర్మనీకి పంపి, ఆ ఇళ్ళు వెతికి పట్టుకుని, కూలి డబ్బులూ ఫోటోలూ భార్యల చేతుల్లో, తల్లుల చేతుల్లో పెట్టారు. అది దానం కాదు, బాకీ తీర్చడం. ఓడిపోయిన శత్రువుకి కూడా కూలి బాకీ ఉంటుందని అనుకున్న మనుషులు! ఈ ఒక్క సంగతి చదివినరోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

జర్మనీలో పిల్లలకు తిండి పెట్టే పని 1920 ఫిబ్రవరిలో మొదలైంది. నిజం నిజంలా చెప్పాలి. ఆ తిండీ డబ్బూ అంతా క్వేకర్ల జేబులోంచి వచ్చింది కాదు. అంత చిన్న గుంపుతో అయ్యే పనా అది? అమెరికాలో హెర్బర్ట్ హూవర్ నడిపే పెద్ద సహాయ సంస్థ దగ్గర సరుకుంది. హూవర్ క్వేకర్ కుటుంబంలో పుట్టినవాడే. శత్రుదేశంలో, ఎవరూ అనుమానించకుండా, ఒక్క గింజ పక్కదారి పట్టకుండా పంచగలిగేవాళ్ళు కావాలి. ఆయన క్వేకర్లని అడిగాడు. వాళ్ళు వెళ్ళిన పద్ధతి చూడండి. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు కొద్దిమందే. వండింది, వడ్డించింది, లెక్క రాసింది వేల మంది జర్మన్ టీచర్లు, డాక్టర్లు, గృహిణులు. ఎంపిక డాక్టరు తూకం మీద. మతం అడగలేదు, పార్టీ అడగలేదు, తండ్రి యుద్ధంలో ఏం చేశాడో అడగలేదు. ప్రార్థన చెయ్యమనలేదు, తమ మతంలో కలవమనలేదు. రద్దీ బాగా ఉన్నరోజుల్లో రోజుకి పదిలక్షల మందికి పైగా పిల్లలు తిన్నారు. జర్మన్ భాషలోకి క్వేకర్‌ష్పైజుంగ్, అంటే క్వేకర్ల తిండి, అనే కొత్త మాట వచ్చి చేరింది. ఆ మాటే మా పెద్దావిడ నోట నేను విన్నది.

వియన్నా సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. సామ్రాజ్యం ముక్కలై, పాలు పంపే పల్లెలు వేరే దేశాల్లో పడిపోయి, ఆ మహానగరం పసిపిల్లలకు పాలు లేకుండా మిగిలింది. హిల్డా క్లార్క్ అనే డాక్టరు 1919లో అక్కడికి వెళ్ళింది. డబ్బాపాలు ఎన్నాళ్ళని పంచుతారు? హాలండ్, స్విట్జర్లాండ్ నుంచి ఆవుల్ని కొని రైళ్ళలో దించారు. చుట్టుపక్కల రైతులకు ఇచ్చి, ఖరీదు డబ్బుల్లో కాకుండా పాలల్లో తీర్చమన్నారు. ఆ పాలు పసిపిల్లల కేంద్రాలకు వెళ్ళేవి. రైతుకి పాడి నిలబడింది, బిడ్డకి పాలు దొరికాయి, ఎవరూ చెయ్యి చాచినట్టు లేదు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ ఏర్పాటులోని తెలివి వెంటనే అర్థమవుతుంది.

ఇక బాబాయి అన్న పాము దగ్గరికి వద్దాం. ఆ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. దాన్ని బలంగా చెబితే ఇలా ఉంటుంది: శత్రుదేశంలో పిల్లలకి నువ్వు తిండి పెడితే, ఆ ప్రభుత్వం పిల్లల మీద పెట్టాల్సిన ఖర్చు ఆయుధాల మీద పెడుతుంది. యుద్ధం ఇంకా సాగుతుంది. అంటే నీ జాలి ఇంకెవరి బిడ్డనో చంపుతుంది. 1940 ఆగస్టు 20న చర్చిల్ పార్లమెంటులో చెప్పింది ఇదే. హిట్లర్ ఆక్రమించిన దేశాలకు తిండి పంపేది లేదు, వాళ్ళని తిండిపెట్టి పోషించే బాధ్యత ఆక్రమించినవాడిదే అన్నాడు. చట్టం ప్రకారం మాట సరైనదే. కానీ ఆక్రమించినవాడు పెట్టకపోతే?

1941-42 చలికాలంలో గ్రీసులో అదే జరిగింది. జర్మన్లు ఉన్నది ఊడ్చుకుపోయారు, బ్రిటిష్ దిగ్బంధం బయటినుంచి రానివ్వలేదు. ఏథెన్స్‌లో పొద్దున్నే మునిసిపాలిటీ బళ్ళు వచ్చి వీధుల్లో పడివున్న శవాల్ని ఎత్తుకుపోయేవి. అప్పుడు ఇంగ్లండులో, తమ దేశం బాంబుల కింద ఉన్న రోజుల్లో, మన నౌకాదళం దారి వదలాలి అని అడగడానికి నిలబడ్డవాళ్ళలో ఒకరు ఎడిత్ పై. షాలోన్ మంత్రసాని. ఇప్పుడు ఆమెకి అరవై దాటాయి. ఆక్రమిత దేశాల పిల్లలకూ బాలింతలకూ పాలపొడి, విటమిన్లు పంపనివ్వండి, పంపిణీ తటస్థదేశాల చేతిలో పెట్టండి, ఒక్క డబ్బా జర్మన్ సైన్యానికి చేరినా ఆపేయండి అన్నది వాళ్ళ వాదన. 1942 అక్టోబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చర్చిలో క్వేకర్లూ ఇతరులూ కలిసి ఇదే పనికి ఒక కమిటీ పెట్టుకున్నారు. ఆ కమిటీయే తర్వాత ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ అయింది, ఆ పేరు వినని వాళ్ళుండరు. అది పుట్టింది తమ సొంత ప్రభుత్వాన్ని ఆకలి ఆయుధాన్ని దించమని అడగడానికి.

మరి గ్రీసుకి దారి వదిలితే ఏమైంది? వదిలారు. ఒత్తిడికి తలొగ్గి ఒక్క గ్రీసుకి మాత్రం సందు ఇచ్చారు. 1942 శరత్కాలం నుంచి స్వీడన్ ఓడల్లో, రెడ్‌క్రాస్ పర్యవేక్షణలో, కెనడా గోధుమలు నెలనెలా వెళ్ళాయి. గ్రీసు జనం ఆ రొట్టెతో బతికారు. యుద్ధం ఆ గోధుమల వల్ల ఓడిపోలేదు. పాముకు పాలు పోస్తే ఏమవుతుందో చూడటానికి ఇంతకన్నా పెద్ద ప్రయోగం చరిత్రలో ఎక్కడ దొరుకుతుంది? దురదృష్టం ఏమిటంటే ఆ సందు ఒక్క గ్రీసుకే. బెల్జియం పిల్లలకి అదే పద్ధతిలో పంపిద్దామని ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఈ ఆకలి లెక్క మన గడప దాకా కూడా వచ్చింది. 1942లో హోరేస్ అలెగ్జాండర్ అనే క్వేకరు, గాంధీకి పాత స్నేహితుడు, ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్ అనే సేవాదళం కుర్రాళ్ళతో కలకత్తా వచ్చాడు. ఆ అక్టోబర్‌లో మిడ్నపూర్ తుఫాను, మరుసటి ఏడు బెంగాల్ కరువు. యూరప్ దిగ్బంధం మీద బిగిసి కూర్చున్న లండన్ మంత్రివర్గమే బెంగాల్‌కి గోధుమ ఓడలు పంపడానికీ బిగిసి కూర్చుంది. అక్కడ పాల కేంద్రాలు నడిపినవాళ్ళలో ఈ కుర్రాళ్ళు ఉన్నారు. మనల్ని పాలించిన దేశం నుంచి వచ్చినవాళ్ళే. బాబాయ్, అప్పుడు ఆకలితో ఉన్నది మనం. మన పిల్లలు పెద్దయి ఏమవుతారో వాళ్ళు లెక్క కట్టలేదు.

స్పెయిన్ గురించి కొంచెం చెప్పి ముందుకి పోతాను. 1936లో అంతర్యుద్ధం మొదలైతే క్వేకర్లు రెండు వైపులా పిల్లలకి పాలు పోశారు. బార్సిలోనాలో పాల కేంద్రాలు పెట్టారు. 1937 ఫిబ్రవరిలో మలగా పడిపోయాక సముద్రం పక్క రోడ్డు వెంట నడిచి వచ్చిన కాందిశీకులకి ముర్సియాలో ఆసుపత్రి, కుట్టుపని కేంద్రం నడిపారు. ప్రభుత్వం మీద తిరగబడ్డ సైన్యాధికారి ఫ్రాంకో వైపు ఊళ్ళలోకి కూడా వెళ్ళారు. రెండు పక్కలవాళ్ళూ అనుమానించారు. కానీ ఎక్కువ పని రిపబ్లిక్, అంటే ఎన్నికైన ప్రభుత్వం వైపే జరిగింది, ఎందుకంటే కాందిశీకులు పోగుపడ్డది అక్కడ. పక్షపాతం లేకపోవడం అంటే త్రాసులో సగం సగం తూచడం అనుకుంటాం. కాదు, ఆకలి ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఎక్కువ పెట్టడం. ఇంట్లో జబ్బుపడ్డ బిడ్డకి ఇంకో గ్లాసు పాలు పోస్తే మిగతా పిల్లల్ని తక్కువ చేసినట్టు ఏ తల్లీ అనుకోదు.

వాళ్ళ పద్ధతిలో నాకు మింగుడుపడని చోటు ఒకటుంది. దాన్ని దాటేసి వెళ్తే అబద్ధం చెప్పినట్టే. 1939లో స్పెయిన్ నుంచి లక్షల మంది సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి వస్తే, వాళ్ళని సముద్రపు ఇసుకలో కంచెలు వేసి ఉంచారు. 1940లో ఫ్రాన్సు ఓడిపోయాక అలాంటి శిబిరాల్లోకే యూదుల్ని కూడా తోశారు. గుర్స్, రివసాల్ట్. క్వేకర్లు లోపలికి వెళ్ళడానికి అనుమతి సంపాదించి అన్నం పెట్టారు, పాలు పోశారు, బట్టలిచ్చారు. అనుమతి నిలబడాలంటే అధికారులతో మంచిగా ఉండాలి, రూలు తప్పకూడదు, గొంతు పెంచకూడదు. 1942 ఆగస్టులో ఆ శిబిరాల నుంచే రైళ్ళు కదిలాయి. నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ వైపు. అప్పటిదాకా రోజూ పాలు పోసినవాళ్ళ కళ్ళముందే.

అన్నం పెట్టడం జైలుకి సున్నం వేసినట్టవుతుందా అనే ప్రశ్న అక్కడ నిజంగా ఎదురవుతుంది. పెద్దల ఆఫీసుల్లో ఇంకా అర్జీలు రాస్తున్నారు. అమెరికా వీసాలు తెప్పించి పిల్లల్ని ఓడ ఎక్కించాలని చూశారు. నవంబర్‌లో జర్మన్లు దక్షిణ ఫ్రాన్సుని కూడా ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది. కానీ పెర్పిన్యాన్ ఊళ్ళోని క్వేకర్ల ఆఫీసులో మేరీ ఎల్మ్స్ అని ఒకామె ఉంది. ఐర్లండులో కార్క్ ఊరి మనిషి. తను క్వేకరు కాదు, 1937 నుంచి వాళ్ళతో కలిసి స్పెయిన్‌లో పనిచేసింది. రివసాల్ట్ నుంచి తొలి రైలు కదిలిన ఆగస్టు 11నే ఆమె తొమ్మిది మంది పిల్లల్ని కారులో బయటికి తెచ్చేసింది. ఆ తర్వాత ఇంకా, ఇంకా. కొండల్లోని పిల్లల వసతిగృహాల్లో దాచింది. 1943లో నాజీల రహస్య పోలీసు గెస్టపో ఆమెను పట్టుకుని కొన్ని నెలలు ఫ్రెన్ జైల్లో పెట్టింది. విడుదలై వచ్చి మళ్ళీ పనిలో చేరిపోయింది. తర్వాతి జీవితమంతా దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. ఆమె పోయాక, 2013లో ఇజ్రాయెల్ ఆమెని గౌరవించింది.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. అనుమతి అడిగి వెళ్ళకపోతే ఆమె ఆ గేటు లోపల ఉండేదే కాదు, ఆ పిల్లలు ఎవరో తెలిసేదే కాదు. అనుమతికి కట్టుబడి ఉండిపోతే ఆ తొమ్మిది మంది రైలెక్కేవాళ్ళు. సంస్థ మొత్తంగా అర్జీల మీద పెట్టుకున్న నమ్మకం, ఆ వేసవిలో, ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉందనే నా అభిప్రాయం. రూలు దాటాల్సిన క్షణం ఒకటి వస్తుంది. అది ఎప్పుడు వచ్చిందో దూరాన ఉన్న ఆఫీసుకన్నా ముందు గేటు దగ్గర నిలబడ్డ మనిషికి తెలుస్తుంది.

కొంచెం వెనక్కి, 1938కి వెళ్ళాలి. ఎందుకంటే పెద్దావిడ ప్రశ్నకి సగం జవాబు అక్కడుంది.

ఆ ఏడు నవంబర్‌లో జర్మనీ అంతటా యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనామందిరాలు తగలబెట్టారు. డిసెంబర్‌లో ముగ్గురు అమెరికన్ క్వేకర్లు బెర్లిన్ వెళ్ళారు. వాళ్ళలో పెద్ద రూఫస్ జోన్స్, 1917లో కమిటీ మొదలుపెట్టినవాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషి. నేరుగా గెస్టపో ఆఫీసుకి వెళ్ళి, ఒక కాగితం ఇచ్చారు. మీ పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు మేం వచ్చి పెట్టాం, ఏ పార్టీకోసమూ ఏ మతంకోసమూ రాలేదు, ఇప్పుడూ అలాగే వచ్చాం, కష్టంలో ఉన్నవాళ్ళకి సాయం చెయ్యనివ్వండి అన్నది దాని సారం. అధికారులు కాగితం పట్టుకుని తమ పై అధికారి హైడ్రిక్‌తో మాట్లాడటానికి లోపలికి వెళ్ళారు. ఆ గదిలో, ఆ భవనంలో, ముగ్గురూ తల వంచి తమ ప్రార్థనలో కూర్చున్నట్టే మౌనంగా కూర్చున్నారు. అధికారులు తిరిగొచ్చి సరే అన్నారు. దాని వల్ల ఒరిగింది ఆశించినదానికన్నా చాలా తక్కువ. హైడ్రిక్ మనసు కరిగిందని నేను చెప్పను. కానీ ఆ రోజుల్లో ఇంకెవరు ఆ తలుపు తట్టి, చెప్పాల్సింది చెప్పి, ప్రాణాలతో బయటికి రాగలిగారు?

ఇంకో తలుపు ఇంకా వెడల్పుగా తెరుచుకుంది. ఆ నవంబర్‌లోనే, అల్లర్లు అయిన వెంటనే, లోపల పరిస్థితి చూసి రావడానికి బ్రిటన్ నుంచి క్వేకర్ల బృందం జర్మనీ వెళ్ళింది. బ్రిటిష్ యూదు పెద్దలు వెళ్తే ప్రాణాపాయం. క్వేకర్లు వెళ్ళగలరు. పద్దెనిమిదేళ్ళ కిందటి తిండి వల్ల వాళ్ళ పేరుకి అక్కడ విలువ ఉంది. చూసొచ్చిన సంగతులు పట్టుకుని నవంబర్ 21న బెర్తా బ్రేసీ అనే క్వేకర్ మహిళ, యూదు నాయకులు, ఇతరులు కలిసి బ్రిటన్ హోంమంత్రి శామ్యూల్ హోర్‌ని కలిశారు. తల్లిదండ్రులు బిడ్డల్ని ఒంటరిగా పరాయిదేశం పంపడానికి ఒప్పుకుంటారా అన్నది మంత్రి సందేహం. ఒప్పుకుంటారు, మేం ఆ తల్లుల్ని అడిగి వచ్చాం అన్నది జవాబు. ఆ రాత్రే పార్లమెంటులో చర్చ. డిసెంబర్ 2న మొదటి పిల్లల గుంపు హార్విచ్ రేవులో దిగింది. యుద్ధం మొదలయ్యేలోపు దాదాపు పదివేల మంది వచ్చారు. బెర్తా బ్రేసీ అక్కడితో ఆగలేదు. 1945 ఆగస్టులో టెరెజిన్ శిబిరంలో బతికి మిగిలిన 300 మంది పిల్లల్ని బ్రిటన్‌కి చేర్చడానికి బాంబర్ విమానాలు అడిగి తెచ్చింది. బాంబులు మోసిన విమానాల్లో పిల్లల్ని ఎక్కించి తెచ్చి, ఇంగ్లండులో విండర్‌మియర్‌ అనే ఊరికి చేర్చారు.

బాబాయ్, 1921లో రూర్ బడిలో పోసిన ఆ కోకో గిన్నెకీ, 1938లో హార్విచ్‌లో దిగిన ఆ పిల్లలకీ మధ్య దారం ఉంది. పాలు తాగిన మేనమామ సైన్యంలోకి వెళ్ళాడు, నిజమే. అతన్ని అక్కడికి పంపింది పాలు కాదు. ఓటమి అవమానం, ఉద్యోగాలు పోవడం, ఎవరినో ఒకరిని ద్వేషించమని పొద్దున్న లేస్తే చెప్పే పార్టీ, చివరికి తప్పించుకోలేని సైన్యం పిలుపు. పాలు దొరకని పిల్లలు కూడా అదే యూనిఫామ్ వేసుకున్నారు. 1919లో ఆకలిని పొడిగించినవాళ్ళు పామును చంపలేదు. "మన పిల్లల్ని వాళ్ళు ఎండగట్టారు" అనే మాట నాజీల నోటికి ఇచ్చారు. అంతకాలం ఆ మాట ఎంత మోగిందో చదివితే గుండె బరువెక్కుతుంది. దానికి ఎదురు చెప్పగల ఒకే ఒక జ్ఞాపకం ఆ దేశం కడుపులో ఉంది. అది క్వేకర్‌ష్పైజుంగ్.

1947లో నోబెల్ శాంతి బహుమతి బ్రిటిష్, అమెరికన్ క్వేకర్ సంస్థలకి కలిపి ఇచ్చారు. అదే ఏడు పరిశీలనలో గాంధీ పేరు కూడా ఉంది. మరుసటి ఏడు గాంధీకి ఇమ్మని పేరు పంపినవాళ్ళలో క్వేకర్లూ ఉన్నారు, కానీ ఆ జనవరిలోనే ఆయన పోయారు. అమెరికన్ సంస్థ తరఫున బహుమతి అందుకోవడానికి ఆస్లో వెళ్ళాల్సిన హెన్రీ కాడ్‌బరీకి ఆ సభలో వేసుకోవాల్సిన పొడుగు కోటు లేదు. ఫిలడెల్ఫియాలో యూరప్‌కి పంపడానికి పోగేసిన పాతబట్టల గోదాములోకి వెళ్ళాడు. అక్కడ బుడాపెస్ట్ సంగీతకారుల కోసం సేకరించిన అలాంటి కోట్లు కనిపించాయి. తనకి సరిపడేది ఒకటి తీసుకుని, వేసుకుని, రాజు ముందు నిలబడి బహుమతి అందుకుని, తిరిగొచ్చి కోటు మళ్ళీ ఆ మూటలోనే వేశాడు.

ఈ వ్యాసం సగం రాసినప్పుడు పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఈసారి పాలన్నం నేను వండి తీసుకెళ్ళాను, ఏలకులు వేసి. చదివినదంతా నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను. పెట్టాల్సిందే అన్నాను. ఆవిడ అవునని గానీ కాదని గానీ అనలేదు. అల్మరా కింది అర లాగి, అట్టపెట్టెలోంచి మడతలు పడి పసుపెక్కిన ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది. బడి డాక్టరుది. మేనమామ పేరు, వయసు ఎనిమిది, దాని కింద పెన్సిలుతో రెండు బరువులు, రెండు తేదీలు. జనవరిలో 19 కిలోలు. మేలో 21 కిలోల 300 గ్రాములు. రెండో అంకె కింద ఎవరో, బహుశా ఆ టీచరే, గీత గీసి ఉంచారు.